నీలం సిరా టిక్కు

శ్రీకర్ జపనీస్ క్లాసులో చేరింది జపాన్ మీద ప్రేమతో కాదు. ముదినేపల్లిలో వాళ్ల పొలానికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నాట్ల మెషీన్ మీద బటన్లన్నీ జపనీస్‌లోనే ఉన్నాయి. ఆపుదామని ఒకటి నొక్కితే అది మరింత జోరందుకుని, గట్టు దాటి, పక్కవాళ్ల చేపల చెరువులో దిగబడింది.

అందుకే ఏలూరు వచ్చాడు. పాఠం చెప్పే చాందిని రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వస్తుంది. చెరువు కథ విని ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"ఫొటో తెచ్చానండి. ఆపే బటన్ ఏదో చెప్పేస్తే వెళ్లిపోతాను."

"చెప్పనండి. నేర్చుకుని మీరే చదువుకోండి. చేపలు కూడా సంతోషిస్తాయి."

ఉక్రోషంతో ఫీజు కట్టేశాడు.

"జపనీస్‌కి మూడు రకాల రాతలు," అంటూ చాందిని మొదలుపెట్టింది. "హిరగానా మన అక్షరాల్లా వంపులు తిరిగి ఉంటుంది, వాళ్ల సొంత మాటలకి. కటకానా పుల్లలు పేర్చినట్టుంటుంది, బయటి నుంచి వచ్చిన మాటలకి. శ్రీకర్ గారూ, మీ పేరు రాసేది అందులోనే."

"మూడోదండి?"

"కంజీ. ఒక్కో గుర్తుకి ఒక్కో అర్థం." బోర్డు మీద చదరంగా గడి గీసి, లోపల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసింది. "ఇదేంటో చెప్పండి."

క్లాసంతా కిటికీ అంది.

"గట్లేసిన వరిచేనండి," అన్నాడు శ్రీకర్.

"కరెక్టండి, వరిచేనే," అంది చాందిని, చాక్‌పీస్ పట్టుకుని అతన్నే చూస్తూ. ఆ చూపుకి శ్రీకర్‌కి నాలుగు రోజులు అన్నం సయించలేదు.

మొదటి టెస్ట్ పేపరు నిండా ఎర్ర సున్నాలే.

"అన్నీ తప్పులేనాండి?"

"అన్నీ రైటేనండి. జపాన్‌లో సున్నా చుడితే రైటు, టిక్కు పెడితే తప్పు."

ఆపే బటన్ ఏదో రెండో వారానికే తెలిసిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు బస్సెక్కాడు. ఇక కోర్సు అయిపోవస్తోంది. ఆ తర్వాత ఏలూరు రావడానికి ఏ వంకా లేదు.

ఆఖరి హోంవర్కు అయిదు వాక్యాల ఉత్తరం. నాలుగు వాక్యాల్లో చేను, వాన, మెషీన్, చెరువు రాశాడు. అయిదోది, "మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది, సరేనా?" అని.

సోమవారం పేపరు తిరిగొచ్చింది. నాలుగు వాక్యాలకి ఎర్ర సున్నాలు. అయిదోదానికి నీలం సిరాతో ఇంత పొడుగు టిక్కు.

క్లాసయ్యాక వానలోకి దిగబోతుంటే వెనక నుంచి గొడుగు వచ్చింది.

"ఏవండీ, చెప్పకుండా వెళ్లిపోతున్నారేం?"

"అర్థమైందండి. చివరిది తప్పు. రేపటి నుంచి రాను."

"ఎర్ర పెన్ను నాది. నీలం పెన్ను ఎవరిదో అడగరా?"

"ఎవరిదండి?"

"మా నాన్నగారిది. గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. మీ ఉత్తరం చదివి అర్థం చెప్పాను. పొలం గురించి నాలుగు ప్రశ్నలడిగి, జేబులోంచి పెన్ను తీసి, బస్తాలు సరిచూసినప్పుడు పెట్టే టిక్కు పెట్టేశారు. ఆయనకి జపాన్ పద్ధతి తెలీదు కదండీ."

శ్రీకర్ జేబులోంచి పేపరు తీసి మళ్లీ చూశాడు. "మరి మీరేమంటారండి?"

"నాది మీ ఎదురుగానే పెడదామని ఆగాను."

గొడుగు అతని చేతికిచ్చి, బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ టిక్కు చుట్టూ నిదానంగా సున్నా చుట్టింది.