ముప్ఫై రెండో తల

ఇరవై ఏళ్లుగా యాత్రల బస్సులో గైడ్‌ని. ఆ రోజు టోక్యోలోని షింజుకులో ముప్ఫై రెండు మందిని లెక్కపెట్టి ఎక్కించుకున్నాను. పొద్దున హకొనె అగ్నిపర్వతం, మధ్యాహ్నం ఇజు సముద్రతీరం, చీకటి పడేసరికి మళ్లీ టోక్యో.

హకొనెలో నేలలోంచి ఆవిరి బుసకొడుతోంది. గంధకం వాసన గొంతులో పట్టేసింది. అందరూ అక్కడి వేడినీటి ఊటల్లో ఉడికి నల్లబడ్డ గుడ్లు తిని టైముకి వచ్చేశారు, మసుయో గారు తప్ప. ఎనభై ఏళ్ల మనిషి, ఒంటరిగా వచ్చింది, చివరి సీటు. పావుగంట ఆలస్యంగా వచ్చి వంగి వంగి అందరికీ క్షమాపణ చెప్పుకుంది.

నాకు ఒళ్లు మండింది. మైకు అందుకున్నాను.

"బామ్మగారూ, ఇంకోసారి ఇలా చేశారంటే సముద్రం దగ్గరే వదిలేసి పోతాం! చేపలు కాల్చుకు తిందురుగాని."

బస్సంతా నవ్వింది. ఆవిడ తలెత్తలేదు. "తప్పయిపోయింది తల్లీ, ఇంకెప్పుడూ చెయ్యను" అంది.

ఇజులో నల్లటి లావా కొండ అంచున బస్సు ఆపాం. మూడింటికల్లా పొగమంచు కమ్మేసింది. కింద అలలు కనబడవు, రాళ్లకి కొట్టుకునే చప్పుడే. లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.

"వెళ్లి చూసొద్దామా?" అన్నాడు డ్రైవర్ కురమోచి, గొంతు తగ్గించి.

వెనక ఎవరో వాచీ చూసుకుని నిట్టూర్చారు. పది నిమిషాలు ఆగాను. ఆలస్యమైతే ఆఫీసులో నా పరువు పోతుంది.

"అందరూ వచ్చేశారు. పోనియ్యండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

సొరంగంలోకి వెళ్లాం. అద్దంలో చివరి సీటు కనిపించింది. అక్కడ ఒక తల... ముందుకు వంగి ఉంది. మళ్లీ లెక్కపెట్టాను. ముప్ఫై రెండు...

"క్షమించండి... ఆలస్యమైంది..."

నా చెవి పక్కనే. ఎవరూ తల తిప్పలేదు. లేచి వెళ్లి చూడాలి. పదడుగులు... వెళ్లలేదు. ఎక్కేసిందిలే అనుకున్నాను. నాకు కావలసిందీ అదే.

షింజుకులో ముప్ఫై ఒక్కరే దిగారు. చివరి సీటు ఖాళీ.

మర్నాడు ఆవిడ కూతురు పోలీసులతో వచ్చింది. "అమ్మ షింజుకులో దిగిందా అండీ?"

"దిగింది. నా కళ్లతో చూశాను" అన్నాను. నా మాట నమ్మి కురమోచి కూడా అదే చెప్పాడు.

నాలుగు రోజులు టోక్యోలోనే వెతికారు. ఐదో రోజు ఇజులో చేపలు పట్టేవాడొకడు రాళ్ల సందులో ఆవిడని చూశాడు. కాలు విరిగిందట. మూడో రోజు దాకా ప్రాణం ఉందన్నారు డాక్టర్లు.

టోక్యోలో దిగాక ఒక్కతే మళ్లీ వెళ్లి అక్కడ పడిపోయి ఉంటుందనుకున్నారు. అంత్యక్రియలయ్యాక కూతురు మిఠాయి పెట్టె పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. "అమ్మ వల్ల మీకు ఇబ్బంది కలిగింది" అని నా ముందు వంగి నిలబడింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో మింగేశాను. పెట్టె తీసుకున్నాను.

నేను ఒక్కదాన్నే ఉంటాను. రాత్రి గడియ వేసి, బూట్ల మొనలు లోపలి వైపుకి ఉండేలా విప్పి పడుకుంటాను. పొద్దున్నకి అవి బయటివైపు తిరిగి ఉంటున్నాయి, నేను కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా, నీటుగా. పోయిన వారం తలుపు అవతల ఉన్నాయి. గడియ వేసింది వేసినట్టే ఉంది.

ఈ రోజు ఉప్పునీళ్లతో తడిసి మా మేడ మెట్ల మీద ఉన్నాయి... కిందికి దిగుతున్నట్టు, ఒకటి ముందు, ఒకటి వెనక.