కుర్చీ వెనక మనిషి

దర్శి రోడ్డు దిగి మా ఊళ్ళోకి వస్తుంటే మిరప కల్లాల పక్కన ఒక పెంకుల గది కనిపిస్తుంది. పాత పంచాయతీ ఆఫీసు. దీపాల వేళ దాటాక అటు ఎవరూ పోరు. కల్లంలో కాయలకి కాపలా పడుకునేవాళ్ళు కూడా మంచాలు ఈ చివరికి లాక్కుంటారు. ఎందుకయ్యా అంటే చెప్పరు. "చుట్ట వాసన వస్తది మాస్టారూ" అంటారు... అంతే.

నా పేరు కరుణాకర్. హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. దెయ్యాలూ గియ్యాలూ నమ్మే రకం కాదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల బుర్రల్లోంచి అవే తోమి పారేస్తున్నాను. అలాంటి నేను చెప్తున్నానంటే — వినండి, మధ్యలో నవ్వకండి.

ఆ గదిలో ఒక టేకు కుర్చీ ఉంది. సర్పంచి కుర్చీ. పాతికేళ్ళలో అయిదుగురు కూర్చున్నారు. ఆ అయిదుగురి వెనకా నిలబడింది మాత్రం ఒక్కడే — భావనారాయణ గారు. ఎప్పుడో ఒక్కసారి పోటీ చేసి చిత్తుగా ఓడిపోయాడు. ఊరు తనని కూర్చోనివ్వదని తెలిసిపోయింది. అప్పట్నుంచి వేరేవాళ్ళని నిలబెట్టడం మొదలుపెట్టాడు.

కుర్చీ వీపు మీద ఎడమ చెయ్యి వేసి, నోట్లో చుట్టతో అలా నిలబడేవాడు. ఎన్నడూ అందులో కూర్చోలేదు. కూర్చున్న మనిషి సొంతంగా ఏదైనా అనబోతే ఆ చెయ్యి కుర్చీని కాస్త నొక్కేది. కిర్రుమనేది. అంతే, నోరు పడిపోయేది.

ఆఖరిసారి నిలబెట్టింది హెలెన్ని. ఆయన చేలోనే మిరపకాయ కోతలకి వెళ్ళే మనిషి. ఏడో తరగతితో చదువు ఆగింది. గెలిచిన రోజే తీర్మానాల పుస్తకం ముందు పెట్టి, నలభై ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టమన్నాడు. మా ఊళ్ళో అదొక ఆనవాయితీలెండి.

"ప్రతిసారీ ఎండన పడి రావడం ఎందుకమ్మా? సంతకం పెట్టి వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటాగా."

పెట్టింది. పక్కన కూర్చుని టీ తాగుతున్న నా వైపూ చూశాడు. "సాక్షిగా మీదీ ఒకటి పడెయ్యండి మాస్టారూ." నలభై ఒకటో పేజీ కింద నేనూ గిలికాను. చదువుకున్న వెధవని!

నిరుడు ఎండాకాలం ఆ కల్లంలోనే గుండె ఆగి పోయాడాయన. నెల తిరక్కుండా హెలెన్ మా ఇంటికి వచ్చింది. "సారూ, ఇప్పుడైనా నాకు కాయితాలు చదవడం నేర్పండి" అంది. రోజూ సాయంత్రం వచ్చేది. ఒకరోజు మాటల్లో రోమ్ కథ చెప్పాను.

"పదహారు వందల ఏళ్ళ కిందటి సంగతి. రోమ్ రాజ్యం చివరి రోజులు. సైన్యమంతా జర్మానిక్ తెగల సేనాపతుల చేతుల్లో ఉంది. వాళ్ళు సింహాసనం ఎక్కితే జనం ఒప్పుకోరు, బయటివాళ్ళు అంటారు. అందుకని ఇంకొకణ్ణి ఎక్కించి వెనక నిలబడేవాళ్ళు. రిసిమర్ అని ఒకడున్నాడు. తను ఎక్కించిన మేజోరియన్ చక్రవర్తి సొంతంగా ఆలోచిస్తున్నాడని రాజవస్త్రం ఊడదీయించి, అయిదో రోజున తల తీయించాడు."

"అమ్మో!"

"అంతకుముందు అర్బోగాస్ట్ అని ఇంకొకడు. కుర్ర చక్రవర్తి విసిగిపోయి, పదవిలోంచి దిగిపొమ్మని కాయితం చేతికిచ్చాడు. వాడు దాన్ని పరపరా చించేసి ఏమన్నాడో తెలుసా? 'ఈ పదవి నువ్వు ఇచ్చింది కాదు. నువ్వు తీసుకోలేవు.' కొన్నాళ్ళకి ఆ కుర్రాడు ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఎవరి పనో ఇవాళ్టికీ తేలలేదు. తర్వాత ఎవర్ని కూర్చోబెట్టాడో చెప్పుకో... ఒక మాస్టార్ని!"

హెలెన్ పకపకా నవ్వింది. "మీలాగే! మరి ఆ మాస్టారు ఏమయ్యాడు సారూ?"

"పొద్దుపోయింది, ఇంటికెళ్ళు" అన్నాను.

మొన్న డిసెంబర్లో ఊరంతా గుప్పుమంది. చర్చి వెనక సమాధుల దొడ్డిని కోల్డ్ స్టోరేజీకి ఇచ్చేస్తున్నారట. తీర్మానం రేప్పొద్దున్నే మండలాఫీసుకి వెళ్తుందట. భావనారాయణ పోయినా ఆయన మనుషులున్నారుగా. హెలెన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ దొడ్డిలో వాళ్ళమ్మ అంకమ్మ ఉంది. జ్వరంతో పోయిన ఏడేళ్ళ కొడుకున్నాడు.

"నేనెప్పుడు తీర్మానం చేశాను సారూ?"

అప్పుడు గుర్తొచ్చాయి నాకు. ఆ నలభై పేజీలు! పైన ఎవరేం రాసినా కింద సంతకం హెలెన్‌దే.

"ఇప్పుడే పోయి ఆ పేజీలన్నీ కొట్టేసి వస్తా. తాళంచెవి నా దగ్గరా ఒకటి ఉంది. మీరూ రండి సారూ" అంది.

మోకాళ్ళ నొప్పులన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నా... భయమేసింది. నా టార్చిలైటు ఇచ్చి పంపాను. ఇక్కణ్ణించి హెలెన్ నాకు చెప్పిందే మీకు చెప్తున్నాను.

రాత్రి ఎనిమిదిన్నర. కల్లాల మీద మంచు కమ్ముకుంది. తలుపు తీస్తే ఎలుకల కంపు, ఎండుమిరప ఘాటు. బీరువాలోంచి పుస్తకం తీసి, టార్చి బల్ల మీద పెట్టి, ఆ కుర్చీలోనే కూర్చుంది. మొదటి పేజీ... ఖాళీ. అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసింది. రెండు. మూడు. పది.

పదకొండో పేజీ దగ్గర తుమ్మొచ్చింది. మిరప ఘాటేమో అనుకుంది. మళ్ళీ గాలి పీల్చింది.

చుట్ట...

చెయ్యి ఆపలేదు. పన్నెండు. పదమూడు. టార్చి వెలుగు ఎర్రబడుతోంది. వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు — మెల్లగా, గురకలాగా. ఇరవై. ఇరవై ఒకటి.

కిర్రు... మంది కుర్చీ.

ఎడమవైపు బరువు పడింది. "నాలుక పిడచకట్టుకుపోయింది సారూ. యేసయ్యా, యేసయ్యా అనుకుంటన్నా గానీ మాట పైకి రాలా" అంది హెలెన్.

చెవి పక్కన గుసగుస. "ఎవరు కొట్టెయ్యమన్నారమ్మా?... ఇంటికెళ్ళు... మిగతాది నేను చూసుకుంటాగా."

అలవాటు ఎంత పాడుదో చూడండి — లేవబోయిందట! పెన్నుకి మూత కూడా పెట్టేసింది. అప్పుడు కొడుకు గుర్తొచ్చాడు. వాడి సమాధి దగ్గర తను నాటిన బంతి మొక్క గుర్తొచ్చింది. మళ్ళీ మూత తీసింది. వెనక్కి తిరక్కుండానే అంది —

"ఈ కుర్చీ ఊరు ఇచ్చింది. నువ్వు ఇచ్చింది కాదు. నువ్వు తీసుకోలేవు."

కుర్చీ ఊగిపోయింది. హెలెన్ లేచి, దాన్ని గిర్రున తిప్పి ఆ చీకటికి ఎదురుగా పెట్టింది. "అంత ఆశగా ఉంటే రా, కూర్చో. పాతికేళ్ళు నిలబడ్డావుగా, కాళ్ళు నొప్పి పుట్టలా?"

ఎవరూ కూర్చోలేదు. చాలాసేపు... ఎవరూ కూర్చోలేదు. చుట్ట వాసన తలుపు దాకా వెళ్ళి బయటికి పోయింది. నిలబడే మిగతా పేజీలు కొట్టేసింది. ముప్పై ఎనిమిదో దాంట్లో సమాధుల దొడ్డి సంగతి సగం రాసి ఉంది, ఎవరో బతికున్నవాడి రాతే. దానికి రెండు గీతలు కొట్టింది.

తెల్లవారేసరికి పుస్తకంతో మా గుమ్మంలో ఉంది. "దొడ్డి దక్కింది సారూ" అని ఏడ్చింది, నవ్వింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

"ఒక్క పేజీ మటుకు ముట్టుకోలేదు. దాని కింద నా సంతకం లేదు" అంటూ తెరిచింది.

నలభై ఒకటి. కింద నా సంతకం. పైన నిన్నటి తేదీ. ఎడమకి ఒరిగిన అక్షరాలు, ఆకుపచ్చ సిరా... పాతికేళ్ళ తీర్మానాలన్నీ రాసిన ఆ చేతిరాత మా ఊళ్ళో తెలియనిదెవరికి?

"రానున్న ఎన్నికలలో సర్పంచి పదవికి శ్రీ కరుణాకర్ మాస్టారిని నిలబెట్టుటకు తీర్మానించడమైనది."

వేలు పెట్టి చూశాను. సిరా వేలికి అంటుకుంది.

హెలెన్ పెన్ను నా చేతిలో పెట్టింది. "కొట్టెయ్యండి సారూ. ఇది నేను కొట్టేది కాదు. మీ సంతకం."

"రేపు కొడతాలే" అన్నాను.

"ఆ రోమ్ మాస్టారు ఏమయ్యాడో మీరు చెప్పనే లేదు..."

రెండేళ్ళు కూర్చున్నాడు. తర్వాత తల నరికేశారు. ఆ మాట చెప్పకుండా పెన్నుకి మూత పెట్టేశాను.

మార్చిలో నా రిటైర్మెంటు. ఈసారి మా ఊరికి రిజర్వేషన్ మారుతుందంటున్నారు. పేజీ అలాగే ఉంది, రోజూ రేపు అనుకుంటున్నాను. ఇంట్లో నా కుర్చీని గోడకి ఆనించేశాను, మధ్యలో వేలు కూడా దూరదు. అయినా ఇదిగో, మీకిది చెప్తుంటే... మీకూ వస్తోందా వాసన?

కిర్రు...

"సంతకం పెట్టారుగా మాస్టారూ... మిగతాది నేను చూసుకుంటాలెండి."