బయ్యన్న కొడుకు బయ్యన్న

1987 మే. అనంతపురం కంప్యూటర్ సెంటర్‌లో ఆపరేటర్ లక్ష్మక్క టెర్మినల్ ముందే చచ్చిపడి ఉంది. ధర్మవరం పట్టుచీర, చెరగని లిప్‌స్టిక్, మెడలో బుల్లెట్. మన గూఢచారి డిపార్ట్‌మెంట్‌కూ విదేశీ ముఠాకూ కూడా పనిచేసిన డబుల్ ఏజెంట్. చివరికి ముఠా వైపే పోయిందని హైదరాబాద్‌లో కూర్చున్న చీఫ్ తేల్చేశాడు.

ఏజెంట్ శ్రీరంగప్పకి ఆర్డర్ అందింది. కళ్యాణదుర్గం దగ్గర రహస్య రాడార్ సైట్‌లోకి ముఠా మనిషి ఇవాళే చొరబడతాడు. వాణ్ణి పట్టుకోవాలి. ఆ సైట్‌లో శ్రీరంగప్ప చెల్లెలు నల్లమ్మ మట్టి మోస్తోంది. అతనికి భయం వేసింది.

సెంటర్‌లో స్క్రీన్ మీద సైట్ పనివాళ్ల పట్టికలు, మూడు టేబుల్స్: కుటుంబాలు, మనుషులు, గేట్ పాసులు. ముందు కుటుంబం ఎక్కాలి. దాని నంబర్ లేనిదే మెషిన్ మనిషిని ఒప్పుకోదు, మనిషి నంబర్ లేనిదే పాసు ఇవ్వదు. పొద్దున లక్ష్మక్క ఎక్కించిన రికార్డులన్నీ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. మెషిన్‌కి ఏ తప్పూ దొరకలేదు.

శ్రీరంగప్ప పేర్లు చదువుతూ ఒకచోట ఆగాడు. తండ్రి బయ్యన్న, సజీవం. కొడుకు బయ్యన్న, వాటర్ ట్యాంకర్ డ్రైవర్.

పక్కనున్న ఆపరేటర్ వెంకటప్పని అడిగాడు. "ఏమప్పా, నీ కొడుక్కి నీ పేరే పెట్టినావా?"

"నేను బతికుండంగా నా పేరు ఎట్ల పెడతారన్నా? మా నాయన పోయినంక ఆయన పేరు పెట్టినా."

ధర్మవరంలో పుట్టిన లక్ష్మక్కకి ఇది తెలియదా? ఆమె చేత ఈ దొంగ రికార్డు ఎక్కిస్తూ వెనక గన్ పట్టుకుని నిలబడ్డ విదేశీయుడికి టేబుల్స్ తెలుసు, మన ఇళ్ల సంగతి తెలియదు. వాడి కళ్ల ముందే ఆమె ముఠా మనిషిని పట్టించి పోయింది.

సైట్ ఫోన్ పలకలేదు. ట్యాంకర్ నీళ్లలో ఏం కలిపి ఉంటారోనని జీప్ తీశాడు.

అతను చేరేసరికి ట్యాంకర్ కొళాయి తిప్పేశారు. ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు. అందరికన్నా ముందు నల్లమ్మ. దోసిలి నోటిదాకా వచ్చింది.

"తాగొద్దు నల్లమ్మా!"

ఆమె చేతిని కొట్టేశాడు. డ్రైవర్ పిస్టల్ తీశాడు కానీ శ్రీరంగప్పే ముందు కాల్చాడు. ఒలికిన నీళ్లు నాకిన మేక కాళ్లు తన్నుకుని చచ్చింది. విషమని తెలిసినా, ఇంకుతున్న ఆ నీళ్లవైపే ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు.

లక్ష్మక్క మన మనిషేనని, ఆమె తల్లి ఆంజినమ్మకి పింఛను ఇవ్వాలని శ్రీరంగప్ప రిపోర్ట్ పంపాడు. జవాబు వచ్చింది. రహస్యం కోసం లక్ష్మక్క పేరు డిపార్ట్‌మెంట్ ఉద్యోగుల టేబుల్‌లో ఎప్పుడూ ఎక్కించలేదు. అందువల్ల తల్లి పేరున పింఛను రికార్డు ఇన్సర్ట్ చేయబోతే మెషిన్ తిప్పికొడుతోంది.

చచ్చిన బయ్యన్న రికార్డులు మాత్రం మూడు టేబుల్స్‌లోనూ పక్కాగా ఉన్నాయి.