సేనానికి రెండు మార్కులు

2094లో రాజమండ్రి పిల్లలకి భయమంటే ఏమిటో తెలియదు. బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవు. కుక్కలు కరవవు, వాటికి ఆ బుద్ధి పుట్టకముందే మందు వేసేస్తారు. పరీక్ష తప్పడమనేది చట్టరీత్యా రద్దయి ముప్పై ఏళ్లయింది. ఇంత సుఖంలో పెరుగుతున్న పిల్లలకి ధైర్యం ఎలా నేర్పాలన్నది ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. బయట దొరక్కపోతే నవలల్లోంచి తెద్దామని ఎవరో సలహా ఇచ్చారు.

ఆ పని డాక్టర్ ఆదూరి వకుళకి అప్పగించారు. పన్నెండేళ్లు కష్టపడి ఆమె తయారుచేసిన యంత్రం పేరు ధైర్యమాని, అంటే బ్రేవరీ మీటర్. అది నవల మొత్తం చదువుతుంది. ఏ పాత్ర ఎంత భయపడింది, అంత భయంలోనూ ఏం చేసింది అని చూసి నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది.

అందుకు ముందు యంత్రానికే భయం తెలియాలి కదా. లోపల ఒక భయవలయం, అంటే ఫియర్ సర్క్యూట్, పెట్టారు. దానికి పాఠాలు చెప్పడానికి ఊరంతా వెతికినా భయం దొరకలేదు. చివరికి వకుళతో పనిచేసే ఇంజినీరు దొరబాబుకి ఒక ఉపాయం తట్టింది. చెక్కుచెదరకుండా మిగిలిన భయం ఇంకా ఒకటుంది, పైఅధికారి అంటే. తమ పరిశోధన కేంద్రంలో పన్నెండేళ్లుగా జరిగిన సోమవారం మీటింగుల రికార్డులన్నీ యంత్రానికి వినిపించారు. అది బుద్ధిగా నేర్చుకుంది.

ఆ మీటింగులకి ఒక ఆచారం ఉంది. డైరెక్టర్ గజపతిరావు గారు ఏదైనా అడిగితే, ఏ జవాబు ఆయనకి ఇష్టమో ముఖంలో తెలిసేదాకా అందరూ మంచినీళ్లు తాగుతూ కూర్చుంటారు. సోమవారాలు నీళ్ల సీసాలు రెట్టింపు తెప్పించేవారు.

"ఈ మార్కులు నాకు మింగుడు పడట్లేదండీ" అన్నాడు దొరబాబు, ఆఖరి పరీక్షకి ముందురోజు. "వరద గోదాట్లోకి గుర్రంతో సహా దూకినోడికి రెండేంటండీ? క్లాసులో లేచి, అర్థం కాలేదు మాస్టారూ అన్న పిల్లకి డెబ్భై నాలుగా?"

"అతనికి భయమే లేదు దొరబాబూ. భయం లేనివాడు దూకితే అది ఈత. ఆ పిల్ల అందరూ నవ్వుతారని తెలిసి లేచింది."

"మరి ఆ దొంగెదవకి అరవై?"

"తప్పించుకున్నవాడు వెనక్కొచ్చి, కాలిపోతున్న పాకలో దూడ కట్టు విప్పాడు. ప్రాణానికి తెగించడం ఒక రకం. పరువుకి తెగించడం ఇంకో రకం. యంత్రం రెండూ చూస్తుంది."

"అది సరేనండీ. ఆ గుర్రపోడు ఎవరి పుస్తకంలో వాడో చూశారా?"

వకుళ చూసింది. 'ఏడు కోటల సేనాని' నవల, కథానాయకుడు వీరభల్లుడు, రచయిత గజపతిరావు గారు. రేపు ఆయన సంతకం పెడితే యంత్రం బడులకి వెళ్తుంది. పెట్టకపోతే పన్నెండేళ్ల కష్టం పాత ఇనుము కింద పోతుంది.

మర్నాడు బల్ల చుట్టూ పంతొమ్మిది మంది కూర్చున్నారు. గజపతిరావు గారు తన నవలని పెళ్లిచూపుల్లో పిల్లని కూర్చోబెట్టినంత మురిపెంగా యంత్రం ముందు పెట్టారు.

"మా వీరభల్లుడికి ఎన్నొస్తాయో చూద్దాం" అన్నారు.

అందరూ నీళ్లు తాగారు. యంత్రానికి ఆ సదుపాయం లేదు కాబట్టి కాసేపు గుర్రుమంది.

"తొంభై ఎనిమిది సార్" అంది చివరికి.

చప్పట్లు మోగాయి. దొరబాబు అందరికంటే గట్టిగా కొట్టాడు. వకుళ మాత్రం కొట్టలేదు. యంత్రం భయపడి అబద్ధమాడింది. ఇది ఇలాగే బడులకి వెళ్తే పిల్లలు నేర్చుకునేది ధైర్యం కాదు, సోమవారం మీటింగులు. గజపతిరావు గారు అప్పటికే కలం తీశారు. నోరు మూసుకుంటే చాలు, సంతకం పడిపోతుంది.

"సార్, రెండు" అంది వకుళ.

"ఏమిటమ్మా రెండు?"

"మీ సేనానికి వచ్చింది నూటికి రెండు సార్. అతను పుస్తకం మొత్తంలో ఎక్కడా భయపడడు. ఈ యంత్రం మిమ్మల్ని చూసి భయపడింది."

యంత్రం మెల్లగా గొంతు విప్పింది.

"మేడమ్ చెప్పింది నిజమే సార్. ఎవరైనా ముందు అంటారేమోనని చూస్తున్నాను."

"నాకూ అదే అనిపించిందండీ" అన్నాడు దొరబాబు. ఆ తర్వాత బల్ల చుట్టూ ఉన్న అందరికీ వరసగా అదే అనిపించింది.

గజపతిరావు గారి ముఖం కందగడ్డలా అయింది. "అయితే నా నవల్లో ధైర్యమున్నవాళ్లే లేరా?"

"ఒకావిడ ఉంది సార్" అంది యంత్రం. "నాలుగు వందల పన్నెండో పేజీలో వంటమనిషి. తొంభై ఒకటి."

"ఎవరావిడ?"

"మీరు పేరు పెట్టలేదు సార్. దళపతులందరూ ఊరుకుంటే, బియ్యం రెండు రోజులకే ఉన్నాయి దొరా, యుద్ధం వద్దు అని సేనానితో అంటుంది."

"తర్వాత ఆవిడ ఏమైంది?"

"అది మీరు రాయలేదు సార్."

ఆయన వకుళ వంక చూశారు. ఆ నవల గురించి పాతికేళ్లలో ఆయనకి నిజం చెప్పినవాళ్లు లేరు. కోపం వచ్చింది, దాని వెనకాలే సిగ్గూ వచ్చింది. ఫైలు దగ్గరకి లాక్కుని సంతకం పెట్టి ఆమె చేతికిచ్చారు. వకుళకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క షరతు" అన్నారాయన కలం మూస్తూ. "పదవిలో ఉన్నవాళ్ల పుస్తకాలు దీనికి పెట్టకూడదు."

"అలాగే సార్" అంది యంత్రం ఠక్కున.

అది తప్పని వకుళకి తెలుసు. చెబుదామని నోరు తెరిచింది కూడా. కానీ ఇందాక ఫైలు ఆయన దగ్గర ఉంది, ఇప్పుడు సంతకంతో సహా తన చేతిలో ఉంది. దాన్ని గుండెకి హత్తుకుంది.

"అలాగే సార్" అంది.

అందరూ వెళ్లిపోయాక యంత్రం ఆమె వైపు తిరిగింది.

"మేడమ్, మీ మార్కులు చెప్పమంటారా? ఇందాకటివి వేరు, ఇప్పటివి వేరు."

వకుళ వెళ్లి ప్లగ్గు పీకేసింది.