రెండో తుమ్ము

క్లాసులో సగం మంది అమీర్‌పేట వెళ్ళి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుని, పైన పేరు మార్చుకుంటున్న రోజులవి. ఎంసీఏ ఆఖరి సెమిస్టరులో ఉన్న త్రినాథ్ మాత్రం తనకు నిజమైన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికిందని పొన్నూరంతా చాటుకున్నాడు. అద్దాల మేడ, లిఫ్టు, మెడలో ఐడీ కార్డు ఊహించుకుని కొత్త టై కూడా కొన్నాడు.

కంపెనీ గుంటూరు మిర్చి యార్డు దగ్గర, ఒక కమీషన్ కొట్టు పై అంతస్తులో ఉంది. రెండు గదులు, మూడు కంప్యూటర్లు. కింద మిరపకాయల బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, దించినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి పైకొచ్చేది. ఐడీ కార్డు ఇవ్వలేదు గానీ ముక్కుకు కట్టుకోవడానికి కర్చీఫు తెచ్చుకోమన్నారు.

మొదటి రోజు అతను గుమ్మం దాటబోతుంటే లోపల ఒక అమ్మాయి తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"అక్కడే ఆగవయ్యా. ఒంటి తుమ్ము. పది నిమిషాలు కూర్చుని, మంచినీళ్ళు తాగి రా," అన్నారు ప్రొప్రయిటర్ చెంచురామయ్య గారు.

మిర్చి వ్యాపారం వదిలి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన ఆయన, శకునాలను మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఒంటి తుమ్ము వినిపిస్తే ఆ ఆఫీసులో ప్రోగ్రాం రన్ చెయ్యకూడదు. రెండోది పడితే దోషం లేదు, ముక్కు ఎవరిదైనా సరే. మనుషులు పొద్దస్తమానం తుమ్మే చోటు వెతుక్కుని మరీ ఈ నియమం పెట్టిన ఆయన తెలివికి త్రినాథ్ మనసులోనే దణ్ణం పెట్టాడు.

అతను టై సర్దుకుంటూ మెట్ల మీద కూర్చుంటే తుమ్మిన అమ్మాయే మంచినీళ్ళు తెచ్చింది. పేరు శ్రీరమ్య, ఊరు వినుకొండ. ఆమె కూడా ఇంటర్నే, వారం ముందు చేరింది.

"ఇంకోటి తుమ్మితే మీ సొమ్మేం పోయేదండీ?" అన్నాడు.

"వద్దామనే అనుకుందండీ. మీ టై చూసి ఆగిపోయింది," అంది.

ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు టిక్కీలు ఏ గదిలో ఉన్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ చెయ్యాలి. ఆమె కోడ్ రాస్తే అతను తప్పులు వెతికేవాడు. అతను రాస్తే వెతకాల్సిన శ్రమ లేదని, అన్నీ పైకే కనిపిస్తాయని ఆమె అనేది. మౌస్ కోసం కొట్లాడుకున్నారు. కరెంటు పోయి యూపీఎస్ కూతలు పెడితే, సేవ్ చెయ్యమని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఆ అరుపుల్లో మాటల చివరి "అండీ" ఎప్పుడు రాలిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

నెల తిరిగేసరికి త్రినాథ్‌కి విషయం అర్థమైంది. ఆమె వినుకొండ వెళ్ళే ఆదివారాలంటే అతనికి ఒళ్ళుమంట. ఇష్టమని చెప్పేద్దామనుకున్న ప్రతిసారీ కింద కొట్లో ఎవరో ఒకరు తుమ్మేవారు, అదీ ఒక్కటే. ఇతను ఆగిపోయేవాడు. చెంచురామయ్య గారి మూఢనమ్మకాల మీద హాస్టల్లో రోజూ ఉపన్యాసమిచ్చే హేతువాది మరి.

ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం బస్సుకు శ్రీరమ్య ఊరెళ్ళిపోతుంది. అంతకు ముందు డెమో ఉంది. కోల్డ్ స్టోరేజీ యజమాని మీరా హుస్సేన్ గారు వస్తూనే, యార్డులో వేలం పాట మొదలయ్యేలోపు చూపించెయ్యాలని, మళ్ళీ రావడం తన వల్ల కాదని చెప్పారు. ఆయనకు నచ్చితేనే ఇద్దరికీ సర్టిఫికెట్లని చెంచురామయ్య గారు అప్పటికే చెప్పి ఉన్నారు.

త్రినాథ్ ఎంటర్ మీద వేలు పెట్టి, తుమ్మాడు. ఒక్కటే.

చెంచురామయ్య గారు ఆ వేలు పట్టుకుని పక్కకు లాగేశారు. పది నిమిషాలు ఆగాల్సిందేనన్నారు. హుస్సేన్ గారు వాచీ చూసుకుని లేచారు. త్రినాథ్ రెండో తుమ్ము కోసం ముక్కు నలిపాడు, గాలి పీల్చాడు, లోపల్లోపల బతిమాలుకున్నాడు. ఇన్నాళ్ళూ ఊపిరాడనివ్వని ఘాటు సరిగ్గా అప్పుడే సెలవు పెట్టింది.

"హాచ్," అంది శ్రీరమ్య.

తుమ్మినట్టు లేదు, పుస్తకంలో చూసి చదివినట్టుంది. చెంచురామయ్య గారు అనుమానంగా ఆమె వంక చూశారు. తర్వాత గుమ్మం వైపు నడుస్తున్న కస్టమర్ వంక చూశారు.

"రెండు పడ్డాయిగా. కానివ్వండి," అన్నారు. శకునం ఎంత గట్టిదైనా వ్యాపారం ముందు కాస్త సర్దుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ నడిచింది. హుస్సేన్ గారు తన టిక్కీలను తెర మీద చూసి ముచ్చటపడి, పాటకు పరుగెత్తారు.

సాయంత్రం మెట్ల మీద త్రినాథ్ ఆమెను ఆపి, ఆ దొంగ తుమ్ము ఎందుకని అడిగాడు.

"నీ కోసం కాదులే. ఆ ప్రోగ్రాంలో సగం నాది," అంది బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

"మిగతా సగం రాసినవాడు ఒక మాట చెప్పాలనుకుంటున్నాడు." గొంతు సర్దుకున్నాడు. "రమ్యా, నాకు నువ్వంటే..."

అతనికే తుమ్మొచ్చింది. ఒక్కటే.

చెయ్యాల్సిందల్లా మాట పూర్తి చెయ్యడం. ఈ హేతువాది అది మానేసి, ఆమె ముక్కు వంక ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

ఆమె నవ్వలేదు. "ఈసారి దొంగది తుమ్మను త్రినాథ్. డెమోకైతే సరిపోయింది. దీనికి చాలదు," అంది.

అనేసి మెట్లు దిగింది. అయిపోయింది, బస్సెక్కేస్తుందనుకున్నాడు.

శ్రీరమ్య రోడ్డు వైపు తిరగలేదు. బ్యాగు కింద పెట్టి, కొట్లో కుప్ప పోసిన ఎండుమిరపకాయల దగ్గరికి వెళ్ళింది. వంగి, రెండు చేతులతో కాయల్ని గలగలా కుదిపి, ముక్కు నిండా గాలి పీల్చింది.

ఆ తుమ్ముకు కొట్లో వాళ్ళు కాటా వేయడం ఆపి తిరిగి చూశారు. కళ్ళూ ముక్కూ ఎర్రబడి నీళ్ళు కారుతుంటే ఆమె చున్నీతో తుడుచుకుని, మెట్ల మీద బిగుసుకుపోయిన త్రినాథ్ వైపు తలెత్తింది.

"రెండోది పడింది. ఇప్పుడు చెప్పు."