దుర్గ చెప్పని గులాబీ మందు

“మళ్ళీ తొమ్మిదిన్నరే,” అన్నారు నర్సు పుష్పలత గారు.

వీరదుర్గ సూది గుచ్చిన వేలిని దూదితో నొక్కి పట్టుకుని చిన్న మెషీన్ వైపు చూసింది. నెలన్నర క్రితం ఇదే బడి వరండాలో ఇదే అంకె వచ్చింది. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని పుష్పలత గారు అప్పుడే ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. రాత్రి అన్నం తిన్నాక రోజుకొకటి వేసుకోమన్నారు. ఇన్ని బిళ్ళలు మింగినా అంకె ఉన్నచోటే కూర్చుంది.

“బిళ్ళలు వేసుకుంటున్నావా, దుర్గా?”

“రోజూ వేసుకుంటున్నానండీ.”

“వేసుకుంటే కడుపులో తిప్పుతోందా? వేరే మందులేమైనా వాడుతున్నావా?”

“లేదండీ,” అంది దుర్గ.

పక్కనే నిలబడ్డ నెల్సన్ మాస్టారి ముఖం చిన్నబోయింది. ఆయన ఆ బడిలో ఆటల మాస్టారు. ఇంకో రెండు వారాల్లో ఏలూరులో జిల్లా ఖోఖో సెలెక్షన్లు ఉన్నాయి. ఏడో తరగతి దుర్గలా స్తంభం దగ్గర గిర్రున తిరిగే పిల్ల జట్టులో ఇంకొకరు లేరు. కానీ ఆ మధ్య ఆడుతూ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచి పరుగు బంద్.

“రక్తం పెరిగితేనే తీసుకెళ్తానని హెడ్‌మాస్టారికి మాటిచ్చానమ్మా,” అన్నారు మాస్టారు.

“పారేస్తోందేమోనండీ,” అని లైన్లో వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నిస్సీ నవ్వలేదు. నిస్సీ దుర్గ పక్కన కూర్చునే స్నేహితురాలు. ఆ పిల్ల కూడా నిజమేనా అన్నట్టు దుర్గ వైపు చూసింది. వాళ్ళ నవ్వు కంటే ఆ చూపే దుర్గని ఎక్కువ బాధపెట్టింది.

నిజానికి దుర్గ ఒక్క బిళ్ళ కూడా పారేయలేదు. ఆ పిల్లది ఉడుంపట్టు. ఐరన్‌కి టీ పడదని పుష్పలత గారు చెప్పగానే టీ మానేసింది. పొద్దున లేస్తే టీతోనే మాటలు మొదలయ్యే ఇంట్లో అది చిన్న విషయం కాదు. బిళ్ళతో నిమ్మకాయ నీళ్ళు తాగింది. తోటకూర చూస్తే పారిపోయే పిల్ల, అమ్మని అడిగి మరీ వండించుకుంది. ఎలాగైనా ఏలూరు వెళ్ళాలి, అంతే.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. బిళ్ళ వేసుకోగానే కడుపులో మంట, తిప్పుడు. అమ్మకి చెబితే, “పడట్లేదు, మానెయ్యి,” అంటుంది. మానేస్తే ఆట పోయినట్టే. అందుకని దుర్గ ఓ ఉపాయం కనిపెట్టింది. బిళ్ళ మింగగానే తాతయ్య గ్యాస్ మందు ఓ మూతెడు గుటుక్కున తాగేది. మంట తగ్గిపోయేది.

గులాబీ రంగులో చిక్కగా ఉండే ఆ మందు సీసా వాళ్ళింట్లో ఆవకాయ జాడీ పక్కనే ఉంటుంది. చేపల పులుసు తిన్న రోజున తాతయ్య అచ్యుతరావు గారు రెండు మూతలు తాగుతారు. తినని రోజున ఒకటి.

“అదేం మందే? భోజనంలో చివరి ముద్ద,” అంటారు ఆయన.

ఆ ఇంట్లో అందరూ అలాగే అనుకునేవాళ్ళు. దుర్గ కూడా అంతే. పుష్పలత గారు అడిగినప్పుడు దాని ఊసెత్తకపోవడానికి అదొక కారణం. చెబితే బిళ్ళలు ఆపేస్తారేమోనన్న భయం ఇంకో కారణం.

ఆదివారం పొద్దున్నే దుర్గ నాన్నతో చేపల చెరువుకి వెళ్ళింది. కొల్లేటి పక్క ఊళ్ళలో చాలామందిలాగే వాళ్ళకీ ఓ చెరువు ఉంది. నాన్న చిన్న పడవలో తిరుగుతూ నీళ్ళ మీద సున్నం చల్లుతున్నాడు. దుర్గ గట్టు మీద ఊరికే కూర్చోలేకపోయింది. అందరూ తనని నీరసం పిల్ల అంటున్నారని కోపంగా ఉంది. షెడ్డులో సగం ఖాళీ అయిన సూపర్ ఫాస్ఫేట్ బస్తా కనిపించింది. చెరువులో నాచు పెరగడానికి వేసే ఎరువు అది. దాన్ని రొప్పుతూ ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చింది.

“అది ముట్టుకోకమ్మా,” అని నాన్న పడవలోంచే కేకేశాడు.

“చేపలకి మంచిదేగా నాన్నా? నేనే చల్లేస్తా.”

“మంచిదే. కానీ ఇవాళ సున్నం పడింది కదా. ఇప్పుడు సూపర్ వేస్తే సున్నం దాన్ని పట్టేసుకుని అడుక్కి దింపేస్తుంది. నీళ్ళకి ఏమీ అందదు. బస్తా మొత్తం దండగ.”

“మరెప్పుడు వెయ్యాలి?”

“వారం పది రోజులు ఆగాలి. రెండూ మంచివేనమ్మా. ఒకేసారి పడకూడదు, అంతే.”

దుర్గ బస్తా వదిలేసి నిలబడిపోయింది. గట్టు మీదున్న సున్నం బకెట్ అంచున ఆరిన చారలు తెల్లగా మెరుస్తున్నాయి. తాతయ్య సీసా మూతకి ఆరిన మందు కూడా రంగు వెలిసి అచ్చం ఇలాగే తెల్లగా పొడిపొడిగా రాలుతుంది.

కడుపులో కూడా ఇంతేనా? అదే నిజమైతే ఇన్నాళ్ళూ మింగిన బిళ్ళలన్నీ ఏమైనట్టు?

నాన్నని అడగొచ్చు. కానీ నాన్నకి తెలిసింది చెరువు సంగతి. కడుపు సంగతి తెలిసింది పుష్పలత గారికి. ఆవిడని అడగాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. దుర్గకి ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా సోమవారం బడికి వెళ్ళే ముందు గులాబీ సీసా సంచిలో పెట్టుకుని ఊరి హెల్త్ సెంటర్‌కి నడిచింది.

“మొన్న మీకు అబద్ధం చెప్పానండీ,” అంటూ సీసాను బల్ల మీద పెట్టింది. “బిళ్ళ వేసుకుంటే కడుపులో తిప్పేది. తిప్పకుండా ఉండాలని దాని మీద ఇది తాగాను. రోజూ తాగానండీ.”

పుష్పలత గారు సీసా మీద రాసింది చదివారు. మండలం ఆస్పత్రిలో డాక్టరు జాయ్సీ గారికి ఫోన్ చేసి మాట్లాడారు. తర్వాత దుర్గని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో పులుపు ఉండాలమ్మా. ఈ మందు చేసే పనే ఆ పులుపుని తగ్గించడం. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ లోపలికి సరిగ్గా ఎక్కదు, బయటకి పోతుంది.”

“అయితే నేనే చెడగొట్టుకున్నానాండీ?”

“తెలియక చేశావు. తిప్పుతోందని ఆ రోజే చెప్పుంటే ఇంకో రకం బిళ్ళ ఇచ్చేదాన్ని. ఇప్పుడు అదే ఇస్తాను. దీని జోలికి మాత్రం వెళ్ళకు.”

“సెలెక్షన్ల లోపు పెరుగుతుందాండీ?”

“రక్తం రాత్రికి రాత్రి పట్టదమ్మా. ఒకటి రెండు నెలలు పడుతుంది,” అన్నారు పుష్పలత గారు.

దుర్గకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. పుష్పలత గారు ఏడవనిచ్చారు. తర్వాత మంచినీళ్ళిచ్చి, “ఇది మీ తాతగారిదా? ఎన్నాళ్ళుగా తాగుతున్నారు?” అని అడిగారు.

“నాకు తెలిసినప్పటి నుంచీనండీ. పొద్దున్నే గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటారు. ఆయన కాళ్ళు మొద్దుబారుతున్నాయి. చెప్పు జారిపోయినా తెలియట్లేదు. ముసలితనం అంటారు.”

“గ్యాస్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 అనే విటమిన్ తగ్గుతుంది. అది తగ్గినా కాళ్ళు అలా అవ్వచ్చు, వేరే కారణమైనా కావచ్చు. పరీక్ష చేస్తేగానీ తెలీదు. ఆయన్ని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళండి. ఈలోగా మీ అంతట మీరు ఏ బిళ్ళా ఆపొద్దు.”

ఆ మధ్యాహ్నం దుర్గ నెల్సన్ మాస్టారికి జరిగిందంతా చెప్పింది. “నా బదులు నిస్సీని తీసుకెళ్ళండి సార్. స్తంభం దగ్గర తిరగడం నేను నేర్పిస్తాను,” అంది.

మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు. “జనవరిలో తాడేపల్లిగూడెంలో పోటీలున్నాయి. అప్పటికి నువ్వు కావాలి నాకు,” అన్నారు.

సాయంత్రం గ్రౌండ్‌లో దుర్గ కుర్చీలో కూర్చుని నిస్సీని స్తంభం దగ్గర తిప్పించింది. నిస్సీ రెండుసార్లు కాలు జారి పడింది.

“నిన్ను అనుమానించానే,” అంది మోకాలు దులుపుకుంటూ.

“తెలుసు. లే, ఎడమ చెయ్యి ముందు పెట్టు,” అంది దుర్గ.

ఇంట్లో సంగతి అంత తేలిగ్గా తేలలేదు. అమ్మ ముందు తిట్టింది, తర్వాత దగ్గరికి తీసుకుంది. తాతయ్య మాత్రం ఆస్పత్రి మాటెత్తితే చాలు, పేపరు అడ్డం పెట్టుకునేవారు.

“నాకేమైందే? రాయిలా ఉన్నాను.”

దుర్గ మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఆయన పేపరు తిప్పుతూనే ఉన్నారు.

సెలెక్షన్ల రోజు వచ్చింది. తెల్లవారకముందే జట్టు వ్యాన్ ఎక్కి ఏలూరు వెళ్ళిపోయింది. దుర్గ చెయ్యి ఊపి ఇంటికొచ్చి తాతయ్య ముందు నిలబడింది.

“తాతయ్యా, కొత్త బిళ్ళ పడుతోందో లేదో డాక్టరు గారు ఇవాళ చూస్తామన్నారు. నాకు తోడు వస్తారా?”

ఆయన మనవరాలి ముఖం చూశారు. పేపరు మడిచి చొక్కా తొడుక్కున్నారు.

మండలం ఆస్పత్రిలో డాక్టరు జాయ్సీ గారు దుర్గని చూసి, తర్వాత పెద్దాయన వైపు తిరిగారు.

“మీ కాళ్ళు మొద్దుబారుతున్నాయని పుష్పలత చెప్పింది. ఏమేం మందులు వాడుతున్నారండీ?”

“ఏముంటాయండీ? బీపీ బిళ్ళ ఒక్కటే,” అన్నారు అచ్యుతరావు గారు.

దుర్గ తలెత్తింది. నలుగురిలో తాతయ్య మాట కాదనడానికి నోరు రాలేదు. ఊరుకోవడానికీ మనసొప్పలేదు. తన సంచిలోవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

“ముందు నావి చెప్తానండీ. ఇది కొత్త ఐరన్ బిళ్ళ. అన్నం తిన్నాక వేసుకుంటున్నాను, కొంచెం తిప్పుతోంది. ఇది దగ్గు సిరప్, రాత్రి అమ్మ ఇచ్చింది. ఐరన్‌తో పడుతుందో లేదో చెప్పండి. ఈ గులాబీ మందు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తాగేదాన్ని, ఇప్పుడు తాగట్లేదు. పుష్పలత గారు అడిగినప్పుడు లేదని చెప్పాను. అందుకే ఇవాళ ఏలూరు వెళ్ళలేదండీ.”

దుర్గ తల దించుకోలేదు.

అచ్యుతరావు గారు మనవరాలి వైపు చూశారు. ఆయన కళ్ళు తడయ్యాయి. చొక్కా జేబులో చెయ్యి పెట్టి గ్యాస్ బిళ్ళల అట్ట తీసి, మనవరాలి మందుల పక్కన పెట్టారు. లోపలి జేబులోంచి మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు తీసి, వాటినీ పెట్టారు.

“ఇవి కూడా రాసుకోండమ్మా,” అన్నారు డాక్టరు గారితో. “ఎన్నేళ్ళ నుంచో నాకే గుర్తులేదు.”