మోకాలి మీద చెయ్యి

పుప్పాలగూడ ఫ్లాట్‌లో ఆ పొద్దున టీ కాగలేదు. యాదయ్య పరగడుపున ఆస్పత్రికి వెళ్లి గుండెకు స్టెంటు వేయించుకోవాలి. కూతురు మమత సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడితే, ఆయన మంచం దిగడే!

"చేతికైతే నేను రాను. పోయినసారి లెక్కనే తొడకు చెయ్యమను."

మమతకు ఒళ్లు మండిపోయింది. "డాక్టరు నిన్న అంతసేపు చెప్పె గద నాయినా! మణికట్టు నరంలకెళ్లి పోతే నెత్తురు పోయే భయం తక్కువ, జల్ది లేచి కూసోవచ్చు. తొడకైతే ఆరు గంటలు కాలు కదలకుండ పండాలె. గీ వయసుల ఏంది ఈ మొండితనం?"

"పండుకుంట. నాకేం ఫికర్ లేదు."

"నాకున్నది! నీకేమన్నయితే నాకెవరున్నరు?" అంటూ సంచి కింద పడేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి ముసలాయన మెత్తబడ్డాడు. కాసేపు దుప్పటి అంచు నలిపాడు.

"తొమ్మిదేండ్ల కింద తొడకు చేసిన్రు. కాలు కదలనియ్యొద్దని నర్సమ్మ చెప్తే, మీ అమ్మ నా మోకాలి మీద చెయ్యేసి కూసున్నది. పొద్దుగూకేదాంక తియ్యలే. పాత ముచ్చట్లు చెప్పుకుంట నవ్వుడే నవ్వుడు. గంత నవ్వు నేనెన్నడు చూడలే బిడ్డా."

తండ్రి ఈ చుట్టుపక్కల ఆఫీసు టవర్లలో టైల్స్ వేసిన మేస్త్రీ, తల్లి రాజమ్మ అవే టవర్లలో నేల తుడిచిన మనిషి. అమ్మ ఊరికే కూర్చోగా మమత ఎన్నడూ చూడలేదు. నిలబడే అన్నం తినేది, నిలబడే జడ వేసేది. ఆమె పోయి మూడేళ్లయినా, ఆఫీసులో చీపురు చప్పుడైతే మమత ఇప్పటికీ తలెత్తి చూస్తుంది.

"చేతికైతే ఒక్క గంటలనే లేపి కూసోబెడ్తరు. నువ్వు ల్యాప్‌టాప్ తెరుస్తవు," అన్నాడు యాదయ్య గోడకేసి చూస్తూ.

అబద్ధమా అంటే కాదు. మూడింటికి మీటింగుందని ఆమె బట్టల కింద ల్యాప్‌టాప్ ముందే పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. దాన్ని తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇగ లే నాయినా. చేతికే చేయిద్దాం. నువ్వు నాకు కావాలె."

ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం మణికట్టుకు పట్టీతో యాదయ్యను వార్డుకు తెచ్చారు. "చెయ్యి మాత్రం వంచొద్దు తాతా. లేచి కూర్చోవచ్చు," అని చెప్పి నర్సు వెళ్లిపోయింది. ఆయన లేవబోయాడు. మమత స్టూలు దగ్గరికి జరుపుకుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"కదలకు."

"పిచ్చిదానా, చేతికే గదనే చేసింది!"

"ఎరుకే. పొద్దుగూకేదాంక నేనీడనే ఉంట. అమ్మ నవ్విన ముచ్చటేందో చెప్పు."

యాదయ్య కళ్లు తుడుచుకున్నాడు. "నేను పెండ్లిచూపులకు పోతే, మీ అమ్మ గడ్డివాము ఎనుక దాక్కున్నది. ఓ మేకపిల్ల వచ్చి కొంగు పట్టి గుంజితే..."

కిటికీ అవతల ఆఫీసు టవర్ల లైట్లు వెలిగేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. కాలు ఒక్కసారి కూడా కదల్చలేదు.